బీడీ ఆరేదాకా

నీడలో కూర్చోవడానికి కూడా ఒక అర్హత కావాలని లచ్చన్నకు ఆ శనివారం దాకా తెలియదు.

ఒమన్ దేశంలోని అల్ ఖౌద్‌లో మూడంతస్తుల ఇళ్ల భవనం లేస్తోంది. జూన్ నెల. పై స్లాబుకు సెంట్రింగ్ పూర్తయింది. పరిచిన ప్లైవుడ్‌కు నూనె పూసి, దాని మీద ఇనుప రాడ్లు నిలువుగా అడ్డంగా పేర్చి, అవి కలిసిన ప్రతి చోటా సన్న తీగతో ముడి వేయాలి. అది లచ్చన్న ముఠా పని. మొత్తం పద్నాలుగు మంది. వంచిన నడుము ఎత్తకుండా, తీగను రెండుగా మడిచి రాడ్ల కింద నుంచి తెచ్చి, కొసల్ని కొక్కేనికి తగిలించి రెండు మెలికలు తిప్పాలి. మూడో మెలిక తిప్పితే తీగ తెగుతుంది. ఒక్కటే తిప్పితే మర్నాటికి వదులవుతుంది. పొద్దున తొమ్మిది దాటితే ఆ రాడ్లను ఉత్త చేతుల్తో ముట్టుకోవడం పెనాన్ని ముట్టుకోవడమే. గ్లౌజులు తొడిగితే తీగ చేతికి దొరకదు. అందుకని అందరూ ఎడమ చేతికి పాత బనీను పీలికలు చుట్టుకుని పని చేస్తారు.

అంతకుముందు గురువారం ఎవడో పారేసిన సిగరెట్ ముక్క వల్ల నూనె పూసిన ప్లైవుడ్ పళ్లెమంత మేర నల్లగా కాలింది. ఇంజినీరు వచ్చి చూసి అరిచి వెళ్లాడు. శనివారం పొద్దున్నే ఫోర్‌మన్ ఖమరుద్దీన్ అందర్నీ నిలబెట్టాడు. హైదరాబాదు మనిషి, రోజుకో సిగరెట్ ప్యాకెట్ ఊదేస్తాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఈ కథలో లచ్చన్నకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

"సునో భాయ్. ఇగ స్లాబ్ మీద పొగ బంద్. పదింటికోసారి, మూడింటికోసారి దమ్ము కొట్టేటోళ్లు కిందికి దిగి నీళ్ల ట్యాంకర్ కాడ కొట్టుకోన్రి. బీడీ అయిపోంగనే పైకి రావాలె. మిగిలినోళ్లు పని నడిపియ్యిన్రి. వచ్చే గురువారం కాక అవతలి గురువారం కాంక్రీటు పోస్తున్నం."

అప్పటిదాకా ఆ రెండు వేళలకు అందరూ ఉన్నచోటనే చతికిలబడేవారు. ఒకడు బీడీ ముట్టిస్తే ఇంకొకడు మొహం మీద తువ్వాల కప్పుకునేవాడు. దానికి సెలవనే పేరు లేదు. పేరు లేదు కాబట్టే ఎవరికీ తక్కువ కాలేదు.

లచ్చన్న ఉండబట్టలేక అడిగాడు. "మరి తాగనోళ్లు సాబ్?"

"తాగనోళ్లకేంది?"

"జెరసేపు నీడకు..."

ఖమరుద్దీన్‌కు నిజంగానే అర్థం కాలేదు. సిగరెట్ చెవి మీద పెట్టుకుని నిదానంగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "చూడు లచ్చన్నా. నమాజుకు పోయేటోడు నమాజుకు పోతడు. దమ్ముకు పోయేటోడు దమ్ముకు పోతడు. ఉత్తగ కూసునేటందుకు ఛుట్టీ యాడుంటది?"

ముఠా అంతా నవ్వింది. లచ్చన్న కూడా నవ్వాడు. ఆ నవ్వే తరవాత చాలా రోజులు అతడి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పదింటికి అయిదుగురు దిగారు. పైన తొమ్మిది మంది మిగిలారు. స్లాబు అంచు నుంచి చూస్తే కింద ట్యాంకర్ కనిపిస్తుంది. దాని పక్కన ఇద్దరు మనుషులు పడుకునేంత నీడ. కారే నల్లా వల్ల ఆ నీడలో ఇసుక తడిగా, ముదురు రంగులో ఉంది. ఆ తడి ఇసుకలోకి గంగాధరం కాళ్లు జొనిపి కూర్చోవడం లచ్చన్న చూశాడు. చూసి ఇంకో ముడి వేశాడు. మూడో మెలిక పడి తీగ తెగింది.

*

గంగాధరం లచ్చన్న ఊరి వాడే, వరసకు బావ. ఛుట్టీ మీద పోయి మొన్ననే తిరిగొచ్చాడు. వస్తూ లచ్చన్న భార్య లస్మవ్వ ఇచ్చిన మామిడికాయ తొక్కు, ఉత్తరానికి బదులు ఆమె మాట్లాడి నింపిన ఒక క్యాసెట్ తెచ్చి ఇచ్చాడు. ఆ సాయంత్రం కూలీల క్యాంపులో స్నానాల వరస అయ్యాక లచ్చన్న మంచం మీద బాసింపట్టు వేసుకుని, రూమ్‌మేట్ కుమార్ టూ ఇన్ వన్ టేప్ రికార్డరు ఒళ్లో పెట్టుకున్నాడు. స్పీకరుకు చెవి ఆనించి బటన్ నొక్కాడు.

మొదట కత్తెర చప్పుడు. బీడీలు చుట్టడానికి తునికాకు కత్తిరించే చప్పుడు. తరవాత గొంతు.

"ఏమయ్యో, మంచిగున్నవా? మేం మంచిగున్నం. చేతిల పని బంద్ జేసి మాట్లాడే అంటున్నది పక్కింటి యాదవ్వ. చేతిల పని లేకుంటె నాకు మాట రాదాయె." కత్తెర. "సంగీత బడికి పోతున్నది. నీ లెక్కనే మొండిది." కత్తెర. "గంగాధరం అన్నకు బీడీలిచ్చిన. కార్ఖానల బాగలేవని తీసేసినయి. పారెయ్యబుద్ధి గాలే. ఆడ అందరికి పంచమన్న. నీకు గాదు, యాదికున్నదా? నా తల, నా చీర, పిల్ల దుప్పటి, ఆఖరికి తాగే నీళ్లు, అన్నిట్ల తంబాకు వాసననే. నువ్వొక్కనివే వాసన లేనోనివి. ఆ ఒక్క జాగ నాకు ఉంచుమన్న. ఉంచినవ్ గదా?"

ఆ తరవాత దగ్గు. లోపలి నుంచి వచ్చే పొడి దగ్గు, చాలాసేపు. ఎవరో నీళ్లిచ్చిన చప్పుడు. మళ్లీ కత్తెర.

లచ్చన్న క్యాసెట్ వెనక్కి తిప్పి 'ఆ ఒక్క జాగ' దగ్గర్నుంచి ఇంకోసారి విన్నాడు. అతడి చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఆమె వేయించుకున్న ఒట్టు అది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఊరి నిండా బీడీలు, క్యాంపు నిండా బీడీలు, ఒక్కటీ ముట్టలేదు. విడిచిన చొక్కా తీసి వాసన చూశాడు. సిమెంటు, తుప్పు, చెమట. ఇంకేం లేదు. ఇంత ఎండలో అతడి దగ్గర ఆమె కోసం మిగిలిన ఆస్తి అదొక్కటే. దానికి అతడు గర్వపడ్డాడు.

"ఏమంటున్నది వదినె?" అన్నాడు కుమార్ బియ్యం ఏరుతూ.

"ముట్టకు అంటున్నది."

"మంచిదే. ముట్టకు." కుమార్ రాయి తీసి పారేశాడు. "ఈ ఎండకు ఆమె వచ్చి పది నిమిషాలు రాడ్లు కట్టాలె, అప్పుడెర్కయితది."

*

ఆదివారం ఆరుగురు దిగారు. సోమవారం తొమ్మిది మంది.

ఆ కొత్తవాళ్లకు పొగ తాగడం రాదు. తెలిసినవాళ్లు నేర్పారు. గంగాధరం ట్యాంకర్ టైరుకు ఆనుకుని, పంతులు పలక దిద్దించినట్టు నేర్పాడు. మొదట దగ్గారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకడు వాంతి చేసుకున్నాడు. వాంతి చేసుకున్నా నీడలోనే కదా చేసుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడని, లస్మవ్వ ఇచ్చిన కట్టలు చేతులు మారాయి. అవి అయిపోవచ్చేసరికి క్యాంపు ముందరి కొట్టువాడు కొత్త సరుకు తెప్పించాడు.

మంగళవారం కుమార్ కూడా లేచాడు.

"నువ్వు గూడ పోతున్నావ్‌రా?" అన్నాడు లచ్చన్న.

"ఛాతిలకు తీసుకోనన్నా. నోట్లకే. ఉత్తగ నోట్లకు." కుమార్ లచ్చన్న మొహం చూడకుండా కొక్కేన్ని బెల్టులో దోపుకున్నాడు. "నువ్వు కూడ రారాదు?"

"ఒట్టున్నది."

నిచ్చెన దిగబోతూ గంగాధరం ఆగి నవ్వాడు. "ఒట్టు తీసి గట్టున పెట్టు బావా. చెల్లె ఒమన్ దాంక వచ్చి చూస్తదా?"

బుధవారానికి పైన ఇద్దరే మిగిలారు. ఒకరు లచ్చన్న, ఇంకొకరు మలబారు పెద్దాయన. ఆయన పొగ తాగడు. కానీ మూడు దాటాక మసీదు మైకు వినిపించగానే కొక్కెం కింద పెట్టి, మొహం కాళ్లు కడుక్కోవడానికి దిగిపోయాడు. లచ్చన్న కొలిచే మల్లన్నకు మధ్యాహ్నం మూడింటి పూజ లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. అంత పెద్ద స్లాబు మీద అతడొక్కడే వంగి ఉన్నాడు. పద్నాలుగు మంది చేయాల్సిన పని ఒక్కడు చేస్తుంటే ఎంత సాగుతుందో ఖమరుద్దీన్‌కు తెలియదా? తెలుసు. అయినా నియమం నియమమే. లచ్చన్నకు మాత్రం కడుపు మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేడు. ముడి వేస్తూ వేస్తూ, 'నేనేం పాపం చేసిన' అని గట్టిగా పైకే అన్నాడు. వినేవాళ్లెవరూ లేరు.

*

గురువారం పది కావస్తుండగా రాడ్ల గడులు కదలడం మొదలుపెట్టాయి. చతురస్రాలు ఒకదాని మీదికొకటి జరుగుతున్నాయి. లచ్చన్న రాడ్డు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి బనీను పీలిక లేని చెయ్యి. చర్మం చుర్రుమంది. ఆ మంటే అతణ్ణి పడిపోకుండా నిలబెట్టింది.

కుమార్ చూశాడు. తన జేబులోంచి బీడీ తీసి, స్లాబు దిగే నిచ్చెన మొదట్లో ముట్టించి, లచ్చన్న వేళ్ల మధ్య ఇరికించి, జబ్బ పట్టి కిందికి దింపాడు. కింద కుర్చీలో ఉన్న ఖమరుద్దీన్ తలెత్తి లచ్చన్న చేతి వంక చూసి, పొగ చూసి, తల దించుకున్నాడు. అంతే. అయిదు రోజులుగా దొరకని నీడ అంత సులువుగా దొరికింది.

తడి ఇసుక చల్లగా ఉంది. లచ్చన్న కాళ్లు జొనిపాడు. ఒళ్లంతా ఒక్కసారి వదులైపోయి ఏడుపొచ్చినంత పనైంది. బీడీ వేళ్ల మధ్య ఉంది. నోటి దగ్గరికి తీసుకెళ్లలేదు. తీసుకెళ్లకపోతే ఒట్టు తప్పినట్టు కాదు.

కానీ బీడీ సిగరెట్ కాదు. సిగరెట్ దాని మానాన అది కాలుతుంది. బీడీని పీలుస్తూ ఉండాలి, లేకపోతే ఆరిపోతుంది. బీడీలు చేసే ఇంటివాడికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? రెండు నిమిషాలకే కొస నల్లబడింది.

"ఆరిపోయింది లచ్చన్నా," అన్నాడు ఖమరుద్దీన్ కుర్చీలోంచే, కోపమేం లేకుండా. "పైకి నడువు."

లచ్చన్న లేచాడు. లేస్తూ చేతిలో బీడీని మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆకు చుట్టు అవతలి వైపు నుంచి ఇవతలికి తిరిగి ఉంది. ఊళ్లో అందరి బీడీలూ ఒకవైపు తిరుగుతాయి. ఎడమచేతి వాటం మనిషి చుట్టినవి మాత్రమే రెండోవైపు తిరుగుతాయి. వాళ్ల వాడలో పుర్రచేతి మనిషి ఒక్కతే. లచ్చన్న దాన్ని పారేయలేకపోయాడు. చొక్కా జేబులో వేసుకుని నిచ్చెనెక్కాడు.

మూడింటికి దాన్నే మళ్లీ ముట్టించాడు. ఆరకుండా ఉండటానికి ఒక్కసారి పీల్చాడు, నోట్లోకే. కళ్లు మండాయి. ట్యాంకర్ దగ్గర పన్నెండు మంది చప్పట్లు కొట్టారు. గంగాధరం వీపు మీద చరిచాడు. "అద్దీ బావా!" మరో నిమిషానికి మళ్లీ నల్లబడబోయింది. మళ్లీ పీల్చాడు. ఈసారి కొంచెం లోపలికి పోయింది. పై నుంచి కింది దాకా లస్మవ్వ వేళ్లు నొక్కి చుట్టిన ఆకు అది. ఆమె చేతి పని తన నోట్లోనే కాలుతోంది. లచ్చన్న సిగ్గుతో తల వంచుకున్నాడు. కాళ్లు మాత్రం తడి ఇసుకలోంచి తీయలేదు.

ఆ రాత్రి చొక్కా వాసన చూడలేదు.

*

తరవాతి వారం అతడు నేర్చుకున్నవి రెండు. బీడీని పొదుపుగా, చిన్న చిన్న దమ్ములతో ఎక్కువసేపు బతికించడం ఒకటి. ఆ బీడీ ఆరేలోపు దాని నిప్పుతోనే ఇంకోటి ముట్టించడం రెండోది. నీడ అలా రెట్టింపవుతుంది. ఖమరుద్దీన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పైగా తనకు అగ్గిపుల్ల లేనప్పుడు లచ్చన్న బీడీ నిప్పే అడిగేవాడు. ఒకళ్ల నిప్పు ఒకళ్లకు ఇచ్చుకుంటే ఏదో చుట్టరికం కలుస్తుంది. "అచ్ఛా ఆద్మీ హై" అనేవాడు, మంచివాడని. ఆ మాటకు లచ్చన్నకు సంతోషం వేసేది. సంతోషం వేసినందుకు మళ్లీ రోత పుట్టేది.

కానీ పరగడుపున పొగ, పైన ఎండ. మంగళవారం పదిన్నరకు రెండు బీడీలు తాగి నిచ్చెన ఎక్కుతూ ఆరో మెట్టు మీద చేతులు వదిలేశాడు. కింద కుమార్ ఉండబట్టి సరిపోయింది.

కళ్లు తెరిచేసరికి బౌషర్‌లో ఒక ఆసుపత్రి. చేతికి సెలైను. పక్కన ఉన్న మగ నర్సు బాటిల్ మీద వేలితో టకటకా కొడుతూ కార్డు మీద పేరు చదివి, తెలుగులో అన్నాడు. "లచ్చన్న గారండీ, ఎలా ఉందండి ఇప్పుడు? నా పేరు ప్రేమచంద్. మాది బాపట్ల పక్కన."

తెలుగు వినగానే లచ్చన్నకు ప్రాణం లేచొచ్చింది.

"నీళ్లు బొత్తిగా తాగట్లేదండి మీరు. ఒంట్లో ఉప్పు లేదు. చుట్టా బీడీ ఏవన్నా కాలుస్తారాండీ?"

"లే..." అని ఆగాడు లచ్చన్న. "తాగుతున్న. నీడ కోసం."

ప్రేమచంద్ నవ్వబోయి, మొహం చూసి ఆగాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. లచ్చన్న ట్యాంకరూ, నమాజూ, దమ్మూ, ఉత్తగా కూర్చునేవాడికి సెలవు లేకపోవడమూ అన్నీ చెప్పాడు. ఇంతవరకు ఈ సంగతి ఎవరూ అతడిని అడగలేదు.

"మా నర్సింగు స్కూల్లో ఓ మేడం చెప్పేవారండి," అన్నాడు ప్రేమచంద్. "మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ప్లేగు వచ్చిందంట. పొగాకు పొగ పీలిస్తే ప్లేగు అంటుకోదని అప్పటి వైద్యుల నమ్మకం. ఓ బళ్లో పిల్లలందరి చేతా పొద్దున్నే పొగ తాగించేవారంట. తాగని పిల్లోడికి బెత్తం దెబ్బలండి."

"తాగనందుకా?"

"తాగనందుకేనండి. అంతకుముందు పొగాకును ఓడల్లోంచి దిగినోళ్లు తెచ్చారు, వైద్యులు మందన్నారు, రాజులు కొందరు వద్దన్నారు. ఎవరి కారణం వాళ్లది. ఆఖరికి ప్లేగు పోయింది. పొగ పోలేదండి."

లచ్చన్న దిండు మీద నుంచి తల ఎత్తాడు. "ఆ పిలగాడు తర్వాత మానిండా సారూ?"

"అది మేడం చెప్పలేదండి." ప్రేమచంద్ లేచాడు. "మీకు కాగితం రాయిస్తాను డాక్టరు గారి చేత. పూటకోసారి నీడలో నీళ్ల విరామం ఇవ్వాలి, లేకపోతే పూచీ మాది కాదు అని. ఇలాంటి కాగితం చూస్తే కంపెనీ వాళ్లు భయపడతారండి. మీరు ఇంక నీడ కోసం తాగక్కర్లేదు."

లచ్చన్న సెలైను లేని చేత్తో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇంత చిన్న కాగితం ఒకటి ఉంటుందని ముందే తెలిస్తే ఎంత బాగుండేది!

*

కాగితం పని చేసింది. బుధవారం పొద్దున ఇంజినీరు స్వయంగా వచ్చి, పదింటికీ మూడింటికీ అందరూ దిగాలనీ, అందరూ నీళ్లు తాగాలనీ, ట్యాంకర్ పక్కన టార్పాలిన్ పందిరి వేయాలనీ చెప్పిపోయాడు. ముఠా లచ్చన్నను భుజాల మీదికి ఎత్తుకున్నంత పని చేసింది. మలబారు పెద్దాయన వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఖుష్?" అన్నాడు ఖమరుద్దీన్. అతడి మొహంలో కూడా ఏదో బరువు దిగిన కళ. "ఇగ ఉత్తగ కూసునేటోనికి కూడ ఛుట్టీ. దమ్ముతోని పనే లేదు."

పదింటికి పద్నాలుగు మందీ దిగారు. పందిరి కింద అందరికీ చోటుంది. చల్లటి నీళ్ల డబ్బా, స్టీలు గ్లాసు ఉన్నాయి. లచ్చన్న ట్యాంకర్ టైరుకు ఆనుకుని, కళ్లు మూసుకుని, గెలిచాననుకున్నాడు. నిజంగానే గెలిచాడు. నీళ్లు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంకొకటి. కళ్లు తెరిచాడు. గంగాధరం, కుమార్, వరసగా అందరూ. పెద్దాయన తప్ప పన్నెండు మంది నోళ్లలో పన్నెండు బీడీలు. పది పన్నెండు రోజుల కిందట వీళ్లలో ఏడుగురికి అగ్గిపుల్ల గీయడం కూడా వంట పొయ్యి దగ్గరే.

"అరే కుమార్, ఇప్పుడెందుకురా? ఉత్తగనే కూసోవచ్చు గదా!"

కుమార్ బీడీ వంక చూసుకున్నాడు. అది తన చేతిలోకి ఎలా వచ్చిందో ఆలోచిస్తున్నట్టు చూసి, "ఖల్లివల్లి అన్నా" అని నవ్వేశాడు. వదిలెయ్ అని.

లచ్చన్న మూడో గ్లాసు నీళ్లు తాగాడు. నీళ్లున్నాయి, నీడ ఉంది, అయినా ఏదో తక్కువైంది. కుడి చేతి బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటోంది, లేని దాన్ని నలుపుతున్నట్టు. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు గంటలా గడిచాయి. మూడింటికి ఆ చెయ్యి తొడ కింద నిలవలేదు. కుమార్‌ను అడిగాడు, కుమార్ ఇచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గురువారం కాంక్రీటు పోసే రోజు. అతడు పంటి బిగువున ఒక్కటీ ముట్టలేదు. వైబ్రేటర్ హోరులో, కట్టిన ముడులన్నీ బూడిదరంగు బురద కింద ఒకటొకటే మునిగిపోతుంటే చూస్తూ, 'ఇది అయిపోయింది, అదీ అయిపోయింది' అనుకున్నాడు. ఊరికి పోయేనాటికి వాసన పోతుంది. ఒట్టు తప్పిన సంగతి ఆ స్లాబులోనే ఉండిపోతుంది. చెప్పేవాడెవడు?

*

శుక్రవారం, పనికి సెలవు. వాళ్ల వైపు మనిషి సంజీవ్ మర్నాడు ఛుట్టీ మీద పోతున్నాడు. అతడికి ఇవ్వడానికి లచ్చన్న కొత్త క్యాసెట్ కొన్నాడు. రూమ్‌లో వాళ్లంతా ఎండ దిగకముందే బట్టలు ఉతకడానికి పోయారు. తలుపు వేసుకుని, ఫ్యాన్ చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపి, టూ ఇన్ వన్ కుమార్ ట్రంకు మీద పెట్టాడు. ట్రంకు మీద కుమార్ బీడీ కట్ట, అగ్గిపెట్టె, బూడిద రాల్చుకునే తొక్కు డబ్బా మూత ఉన్నాయి. వాటిని పక్కకు జరిపాడు. ఎర్ర బటన్ నొక్కాడు.

"లస్మీ, నేను మంచిగున్న. నువ్వు మంచిగున్నవా? తొక్కు బాగున్నది. నా ఆరోగ్యం మంచిగున్నది. మొన్న జెర జరమొచ్చింది, తగ్గింది. నీ దగ్గు సంగతేంది? దవాఖానకు పో. తంబాకు ఉన్న చేట మొకానికి దగ్గర పెట్టుకోకు. సంగీతను కొట్టకు..."

మాటలు అయిపోయాయి. ఎప్పుడూ ఇక్కడే అయిపోతాయి. ఫ్యాన్ లేని గదిలో చెమటలు కారుతున్నాయి. క్యాసెట్ తిరుగుతోంది. చెప్పాల్సింది ఒక్కటే మిగిలింది.

"నువ్వడిగినవ్ గదా. ఆ జాగ అట్లనే ఉన్నది. నీ కోసం అట్లనే ఉంచిన."

బటన్ నొక్కి ఆపాడు. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, వేళ్ల మధ్య బీడీ కాలుతోంది. ఆ, ముట్టించిన గదా అనుకున్నాడు, ఇప్పుడే, ఆపినంక. ఇదొక్కటే. ఆఖరిది.

సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి తిప్పి విన్నాడు. తన గొంతు తనకే పరాయిగా ఉంది. తొక్కు, జ్వరం, దగ్గు, చేట, సంగీత. ఆపై నిశ్శబ్దం, క్యాసెట్ తిరిగే సన్నటి హోరు.

అంతలో గరగరమని, చుర్రుమని అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వెంటనే ఒక దమ్ము లోపలికి పీల్చిన చప్పుడు, అది బయటికి వదిలిన చప్పుడు. ఆ తరవాత, అదే ఊపిరి మీద, అదే పొగలోంచి, తన గొంతు. "నువ్వడిగినవ్ గదా. ఆ జాగ అట్లనే ఉన్నది."

లచ్చన్న క్యాసెట్ వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. మళ్లీ అదే. నీడ కోసం కాదు, ఫోర్‌మన్ కోసం కాదు, ఎవరూ లేని గదిలో ఆ మాట అనడానికి ముందు అతడికి అది కావాల్సి వచ్చింది. అది కూడా తెలియకుండా.

చెరిపి మళ్లీ చెప్పాలనుకున్నాడు. బటన్ మీద వేలు పెట్టాడు. చెరిపితే పోయేది చప్పుడే. వాడలో నలభై మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, కత్తెర చప్పుడు విని ఎవరిదో చెప్పగలిగే మనిషి లస్మవ్వ. ఆమె చెవికి అసలు సంగతి ఇవాళ కాకపోతే రేపు దొరక్కపోదు. దొరకదనే అనుకుందాం. అప్పుడు మాత్రం ఆ జాగ ఉన్నట్టా? చెరపకుండా, క్యాసెట్‌ను తన మాట అయిపోయిన చోటిదాకా పోనిచ్చాడు.

ఎర్ర బటన్ నొక్కాడు.

"లస్మీ, నడుమ ఒక చప్పుడు ఇనవడ్డది గదా. అది అగ్గిపుల్లనే. నీ చేతి బీడీ తోనే మొదలువెట్టిన. నీడకు కూసోనిస్తరని తాగిన. ఇప్పుడు నీడ ఉత్తగనే ఇస్తున్నరు, కాని ఇది పోతలేదు. నీ జాగల వాసనొస్తున్నది. మానేస్తనని ఒట్టు పెడుదమనుకున్న. ఒట్టు మీద ఒట్టెట్ల పెడుదు?" ఆగాడు. "నువ్వు తిట్టు. క్యాసెట్ నిండ తిట్టి పంపు. నేను మొత్తం ఇంట."

ఆపాడు. క్యాసెట్ బయటికి తీశాడు. దాని వీపు మీద మూలన చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది విరిస్తే ఇక దాని మీద ఏదీ చెరపలేం, ఇంకేదీ ఎక్కించలేం. పాటల క్యాసెట్లు అమ్మేవాళ్లు దాన్ని విరిచే అమ్ముతారు. సంజీవ్ రేపు పోతాడు, ఈలోపు తన మనసు మారకుండా ఉండదని లచ్చన్నకు తెలుసు. గోడ మేకుకు వేలాడుతున్న బెల్టులోంచి కొక్కెం తీసి, కొసను ఆ బిళ్ల సందులో పెట్టి, తీగ ముడి బిగించినట్టు ఒక్క మెలిక తిప్పాడు. టప్పున విరిగి ఎక్కడో పడింది.

తొక్కు డబ్బా మూతలో బీడీ ఎప్పుడో ఆరిపోయి ఉంది. శుక్రవారం కదా, పైకి నడువు అనేవాడెవడూ లేడు. లచ్చన్న అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. గీయలేదు, కింద పెట్టనూ లేదు. కుమార్ వాళ్లు బట్టలు ఉతుక్కుని వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.